గైడు కొనే ముందు ఆ ఒక్క పాఠం తిప్పి చూడండి

తెలుగు ద్వారా ఇంగ్లీషు నేర్పే గైడ్లు ఆబిడ్స్ ఆదివారం ఫుట్‌పాత్ మీదా, విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలోనూ గుట్టలుగా దొరుకుతాయి. అట్టలు వేరుగాని లోపలి సరుకు చాలావరకు ఒకటే. ఏది కొనాలో తేల్చుకోడానికి మొత్తం చదవక్కర్లేదు, ‘డిగ్రీస్ ఆఫ్ కంపారిజన్’ పాఠం, అంటే పోలికల పాఠం తెరవండి. తెలుగువాడు ఇంగ్లీషులో ఎక్కడ తడబడతాడో రాసినవాళ్లకి తెలుసో లేదో అక్కడే బయటపడుతుంది. ఈ సమీక్ష ఆ ఒక్క పాఠం గురించే.

పాఠం మూడు గడుల పట్టికతో మొదలవుతుంది. టాల్, టాలర్, టాలెస్ట్. పక్కనే పొడవైన, మరింత పొడవైన, అందరికంటే పొడవైన అని అర్థాలు. చిక్కంతా ఆ ‘మరింత’తోనే. మనం ‘రాము సోము కంటే పొడుగు’ అంటాం. ‘పొడుగు’ అన్న మాట మారదు, పోలిక బరువంతా సోము పక్కనున్న ‘కంటే’ మోస్తుంది. ఇంగ్లీషులో ‘దాన్’ ఉన్నా సరే, టాల్‌కి ‘అర్’ అనే తోక తగిలించాల్సిందే. ఈ ముక్క చెప్పకుండా పట్టిక బట్టీ వేయిస్తే, దాన్ని గడగడా అప్పజెప్పిన నోరే ‘రాము ఈజ్ టాల్ దాన్ సోము’ అంటుంది. ‘మరింత’ని గట్టిగా నమ్మినవాళ్లు ‘మోర్ టాలర్’ దాకా వెళ్తారు.

‘బెటర్’ సంగతి మరీ తమాషా. తెలుగులోకి వచ్చాక అది మామూలు ‘మంచిది’ అయిపోయింది. ‘ఇది ఇంకా బెటర్’ అని రోజూ అనుకుంటాం కనక ఇంగ్లీషులోనూ ‘మోర్ బెటర్’ తన్నుకొస్తుంది. అక్కడ చెప్పాల్సింది ‘మచ్ బెటర్’ లేదా ‘ఈవెన్ బెటర్’, కాస్త మెరుగైతే ‘ఎ బిట్ బెటర్’. ‘వెరీ బెటర్’ అస్సలు కుదరదు. ఈ మచ్, ఎ లాట్, ఎ బిట్‌ల మీద ఒక్క పేరా ఉన్న గైడు దొరికినా సగం డబ్బు గిట్టినట్టే.

స్పెల్లింగు దగ్గర మాత్రం వీటికి వంక పెట్టలేం. ‘బిగ్గర్’లో జి రెండుసార్లు రాయాలి, ‘స్లోవర్’లో డబ్ల్యూ ఒక్కటే, ‘ఈజియర్’లో వై పోయి ఐ వస్తుంది, ‘యూస్‌ఫుల్’కి ముందు మోర్ పెట్టాలి లాంటివన్నీ శుభ్రంగా ఇస్తాయి. ‘బోర్డ్’ (విసుగెత్తిన) లాంటివి వదిలేస్తాయి. మాట చిన్నదేగదా అని దానికి తోక పెడితే తప్పు, ‘మోర్ బోర్డ్’ అనే అనాలి. ఉచ్చారణ ఊసు దాదాపు ఉండదు. ‘లాంగ్’ చివర జి ఇంగ్లీషువాళ్ల నోట విడిగా పలకదు, ‘లాంగర్’లో స్పష్టంగా పలుకుతుంది. ‘దాన్’ అని దీర్ఘమిచ్చి అచ్చేస్తారుగాని మాటల్లో అది ‘దన్’ అని పొట్టిగా జారిపోతుంది. ఇంగ్లీషు సినిమా చూస్తూ ఆ మాట వినపడలేదనుకునేది అందుకే.

ఇక అభ్యాసాలు. ‘నో అదర్ మెటల్ ఈజ్ యాజ్ యూస్‌ఫుల్ యాజ్ ఐరన్’ని ‘ఐరన్ ఈజ్ మోర్ యూస్‌ఫుల్ దాన్ ఎనీ అదర్ మెటల్’గా మార్చమనే రకం పేజీలకు పేజీలు నింపుతారు. పరీక్షకైతే సరే. బట్టల కొట్లో ఇనుము ఉపయోగాలు ఎవరడుగుతారు? అక్కడ కావాల్సింది ‘డు యూ హావ్ ఎ స్మాలర్ సైజ్?’, ‘ఎనీథింగ్ చీపర్?’. ఆఫీసులో ‘కెన్ యూ కమ్ ఎ బిట్ ఎర్లియర్?’, జ్వరం తగ్గాక ‘ఐ యామ్ ఫీలింగ్ బెటర్ నౌ’. వీటిలో ఎక్కడా ‘దాన్’ లేదు చూడండి. దేనికంటే అన్నది ఇద్దరికీ తెలుసు కాబట్టి చెప్పరు. మనం ‘ఇంకొంచెం చిన్నది ఉందా’ అంటాం గనక, ఈ వాక్యాలు అలవాటు లేనివాళ్ల నోట ‘స్టిల్ స్మాల్ సైజ్ ఈజ్ దేర్?’ అని వస్తుంది. దాన్ లేని వాక్యాలు పాఠంలో ఎన్నున్నాయో లెక్కపెట్టండి. పది కూడా లేకపోతే పుస్తకం అక్కడే పెట్టేయొచ్చు.

తెలుగు సాయం నిజంగా అక్కరకొచ్చే చోటు ఒకటుంది, దాన్ని మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. ‘ఈ పచ్చడి ఆవకాయంత కారం కాదు’ అంటామా? ఆ ‘అంత’ ఉన్నచోటల్లా ‘యాజ్... యాజ్’ పెట్టేయొచ్చు: ‘నాట్ యాజ్ స్పైసీ యాజ్ ఆవకాయ’. ‘లెస్ టాల్’ లాంటి ఎబ్బెట్టు మాటలకంటే ‘నాట్ యాజ్ టాల్’ వాడుకలో ఉన్న మాట. రెండింతలు పెద్దది అనాలన్నా ఇదే దారి, ‘ట్వైస్ యాజ్ బిగ్ యాజ్’.

అద్దె మాట కూడా వెతకండి. ‘మా అద్దె మీ ఇంటికంటే ఎక్కువ’ అని తెలుగులో అంటే ఎవరూ తప్పు పట్టరు. ఇంగ్లీషులో అద్దెని అద్దెతోనే పోల్చాలి: ‘అవర్ రెంట్ ఈజ్ హయ్యర్ దాన్ యువర్స్’. ‘దాన్ యువర్ హౌస్’ అంటే అద్దెనీ ఇంటినీ పక్కపక్కన పెట్టి కొలిచినట్టు.

‘షీ ఈజ్ ఎల్డర్ దాన్ మీ’ అని అచ్చేసిన గైడు కనిపిస్తే మాత్రం వద్దు. ‘మై ఎల్డర్ సిస్టర్’ సరే, దాన్ వచ్చిందంటే ‘ఓల్డర్’ కావాలి. ‘లెస్సర్ ప్రైస్’ అన్నా అంతే, ‘లోయర్ ప్రైస్’ అనాలి. సీనియర్, జూనియర్‌ల తర్వాత దాన్ రాదు, ‘టు’ వస్తుందన్నది చాలా గైడ్లలో సరిగానే ఉంటుంది.

పరీక్ష కోసమే అయితే ఏ గైడైనా పాత కాపీ చాలు. మాట్లాడ్డం కోసమైతే చివరి పేజీల్లో జవాబులున్నాయో లేదో చూడండి. పాత కాపీల్లో ఖాళీలు పెన్సిల్‌తో నింపేసి ఉంటే బేరంలో ఆ మాట ఎత్తండి. పెన్నుతో నింపినది తీసుకోవద్దు, తప్పు జవాబైనా కంటికి అదే ముందు ఆనుతుంది.