మొక్కా, ఎరువు గుంతా, నీళ్ళ లెక్కా: బడిలో ఏది మేలు?

పర్యావరణ దినోత్సవం జూన్ 5న. మన బడులు తెరిచేది జూన్ 12న. తెరిచిన వారంలోనే "మొక్కలు నాటిన ఫొటోలు గ్రూపులో పెట్టండి" అని మెసేజ్ వస్తుంది. పంచాయతీ నర్సరీ నుంచి మొక్కలు తెస్తారు, పిల్లల్ని వరసగా నిలబెడతాం, ఫొటో దిగుతాం. బడిలో పర్యావరణ పనులు చూసే పిల్లల సంఘం, అదే ఎకో క్లబ్, దాని పని ఆ ఏడాదికి అయిపోయినట్టే.

మాది తెలంగాణలో ఒక పల్లె బడి. ఎనిమిదేళ్ళుగా ఎకో క్లబ్ నేనే చూస్తున్నాను. ఎవరూ తీసుకోకపోతే సైన్స్ టీచర్ మెడకు చుట్టారు, అంతే. ఈ ఎనిమిదేళ్ళలో మొక్కలు నాటించాను, ఎరువు గుంత తవ్వించాను, నీళ్ళ లెక్క రాయించాను, చార్టులూ వేయించాను. ఈ పని కొత్తగా నెత్తిన పడ్డవాళ్ళు ఫోన్ చేసి ఒకటే అడుగుతారు: "మేడం, మాకు కుదిరేది ఒక్కటే. ఏది చేయమంటారు?"

ఆదేశాలకైతే మనకు కొదవ లేదు. పర్యావరణం గురించి బడుల్లో తప్పనిసరిగా చెప్పాలని 1991లోనే, పర్యావరణ న్యాయవాది ఎం.సి. మెహతా వేసిన కేసులో సుప్రీంకోర్టు అన్నది. 2001-02లో జాతీయ హరిత దళం పేరుతో బడుల్లో ఎకో క్లబ్బులు వచ్చాయి. కొదవంతా పీరియడ్లకే. వారానికి ఒక్క గంట దొరికితే గొప్ప. అందుకే నేను ఒకటే చూస్తాను: జూన్‌లో మొదలుపెట్టిన పని ఏమైందో ఆ పిల్లలే, ఆ తరగతిలో ఉండగానే, చేత్తో ముట్టుకుని తెలుసుకోవాలి. చెడిపోతే చెడిపోయిందనీ తెలియాలి.

ఈ లెక్కన చార్టులు, నినాదాల పోటీలు మొదటే పోతాయి. ఒక ఏడాది "ప్లాస్టిక్ వద్దు" అని పిల్లలు చాలా అందంగా రాసుకొచ్చారు, థర్మకోల్ షీటు మీద. 2022 జులై 1 నుంచి నిషేధించిన ప్లాస్టిక్ వస్తువుల జాబితాలో అలంకరణకు వాడే థర్మకోల్ కూడా ఉంది. ఆ ఏడాది మొదటి బహుమతి దానికే ఇచ్చాం. పాత సీసాలతో బొమ్మలు చేయడమూ ఇలాంటిదే. బొమ్మ కోసమని కూల్‌డ్రింక్ కొనిపించుకున్న పిల్లలు నాకు తెలుసు.

ఇక మొక్కలు. 2015లో హరితహారం మొదలయ్యాక మొక్కలకు కరువు లేదు. మా ఆవరణలో ఒక వానాకాలం నలభై నాటాం. మళ్ళీ జూన్‌కి బతికినవి మూడు. తప్పు పిల్లలది కాదు, క్యాలెండర్‌ది. మొక్కకు నీళ్ళు బాగా కావలసింది ఏప్రిల్ చివరి నుంచి జూన్ మొదటి వారం దాకా. సరిగ్గా అప్పుడే బడికి తాళం. మోటారు వేసేవాళ్ళుండరు, గేటు కింద నుంచి మేకలు దూరతాయి. పైగా నాటేటప్పుడు గుంత తవ్వేది ఒకడు, మొక్క పట్టుకునేది ఒకడు, మిగతా ముప్పై ఎనిమిది మంది చప్పట్లు కొడతారు. ఆరో తరగతిలో నాటిన వేప నీడనిచ్చేసరికి ఆ పిల్లాడు ఇంటర్‌లో ఉంటాడు.

మునగ మాత్రం వేరు. పీకేఎం-1 అనే రకం మునగ విత్తనం వేస్తే ఏడెనిమిది నెలల్లో కాయ పట్టవచ్చు. జూన్‌లో వేస్తే ఏడాది పరీక్షల లోపే ఆకు పప్పులోకి వస్తుంది. మొక్కే నాటాలనుకుంటే నేను ముందు దాని పేరే చెబుతాను.

ఎరువు గుంత సంగతి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మొదటిసారి నేను దాన్ని పూర్తిగా చెడగొట్టాను. మూడడుగుల పొడవు, మూడడుగుల వెడల్పు, రెండడుగుల లోతు తవ్వించి, మధ్యాహ్న భోజనంలో మిగిలిందంతా అందులో వేయించాను. సాంబారు కలిపిన అన్నంతో సహా. నాలుగో రోజుకి కంపు ఎనిమిదో తరగతి గదిలోకి వచ్చింది. ఐదో రోజు కుక్కలు తవ్వి వరండా అంతా లాగాయి. హెచ్ఎం గారు ఏమీ అనలేదు, కిటికీలు మూయించారంతే. ఆయన ఏదైనా అని ఉంటేనే నయం.

గుంత పూడ్చేద్దామనుకున్నాను గానీ, ఎనిమిదో తరగతి సూక్ష్మజీవుల పాఠం అప్పుడే వచ్చింది. కంపు ఎందుకొచ్చిందో పిల్లల్నే అడిగాను. గాలి ఆడక, తడి ఎక్కువై, పొడి సరుకు తక్కువై. ఎండుటాకులు అసలు వేయలేదు మేము, వాటిని పక్కనే కుప్ప పోసి తగలబెట్టాం! రెండోసారి వండిన అన్నం మానేశాం. కూరగాయల తొక్కలు, దంచిన గుడ్డు పెంకులు, వాటికి రెండు మూడింతలు ఎండుటాకులు, పైన పేడ నీళ్ళు, పలచగా మట్టి. తడి సరిపోయిందో లేదో చూడటానికి గుప్పెడు తీసి పిండాలి. ఒకటి రెండు చుక్కలు రావాలి, ధార కారకూడదు. నాలుగో రోజు ఇనుప చువ్వ గుచ్చి కాసేపుంచి తీశాం. పట్టుకున్న పిల్ల చెయ్యి వెనక్కి లాక్కుంది. "టీచర్, కింద పొయ్యి ఉందా?" అని అడిగింది. సూక్ష్మజీవులు తింటుంటే వేడి పుడుతుందని బోర్డు మీద నేనెన్ని సార్లు రాశానో. ఆ చువ్వకి ముందు ఒక్కరికీ ఎక్కలేదు.

పది రోజులకోసారి తిరగేశాం. రెండు నెలలు దాటాక తీస్తే నల్లగా, పొడిగా, వాన పడ్డ మట్టి వాసన. తొక్కలు కనిపించలేదు. అందులో ఎవరో విసిరిన చాక్లెట్ కాగితం ఒకటి దొరికింది, రంగు కూడా పోకుండా. ఆ రోజు ప్లాస్టిక్ పాఠం నేను వేరే చెప్పలేదు.

దీంట్లో ఒక చిక్కుంది, ముందే తెలుసుకోండి. రెండో వారంలో ఒక తల్లి వచ్చి "చెత్త ఎత్తించడానికా మా పిల్లని బడికి పంపేది?" అని అడిగింది. ఆమె కోపం నాకు అర్థమైంది. తరతరాలుగా చెత్త ఎత్తే పని వాళ్ళ వాడ మీదే పడిందని ఊరికంతా తెలుసు. నేను గమనించలేదు గానీ బకెట్ మోసేది రోజూ అదే నలుగురు. మర్నాటి నుంచి హాజరు పట్టీ వరస పెట్టాం, రోజుకు ఐదు నంబర్లు. ఊళ్ళో పెద్దరైతు కొడుకు నంబరు వస్తే అతనూ మోయాల్సిందే, టీచర్ల వంతు కూడా ఉంది. చేతులకు తొడుగులు, పని అయ్యాక సబ్బు. ఈ వరస పెట్టలేనివాళ్ళు ఎరువు గుంత జోలికి పోకపోవడమే మంచిది.

నీళ్ళ లెక్కకు గుంత అక్కర్లేదు, ఆవరణ అక్కర్లేదు, ఖర్చూ లేదు. చుక్కలు కారే కొళాయి ఉంటే చాలు, అది లేని బడి ఉండదు. మా చేతులు కడిగే చోట ఒక కొళాయి కారుతుంటే ఏడో తరగతి వాళ్ళు దాని కింద లీటరు సీసా కట్టారు. రెండు గంటలకు నిండింది. అంటే రోజుకు పన్నెండు లీటర్లు, నెలకు మూడువందల అరవై. లెక్కల సార్ నిష్పత్తుల పాఠం ఆ సీసాతోనే చెప్పారు. సెకనుకు ఒక్క చుక్క కారినా రోజుకు 86,400 చుక్కలు. ఇరవై చుక్కలకు ఒక మిల్లీలీటరు అనుకుంటే నాలుగు లీటర్ల పైనే. ఆ లెక్క హెచ్ఎం గారి బల్ల మీద పెట్టారు. పది రూపాయల వాషర్ మూడో రోజుకి వచ్చింది.

వానాకాలంలో దీన్నే ఇంకాస్త సాగదీయవచ్చు. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన అంటే ఒక లీటరు నీళ్ళు. నూరు చదరపు మీటర్ల బడి కప్పు మీద పది మిల్లీమీటర్ల వాన పడితే వెయ్యి లీటర్లు. అడుగు చదునుగా, పక్కలు నిటారుగా ఉన్న సీసా మెడ కోసేసి, స్కేలు పెడితే వానమాపకం తయారు. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు చూస్తే వాతావరణ శాఖ వాళ్ళ లెక్కతో పోల్చుకోవచ్చు. మనవాళ్ళు ఆ టైముకి బడికి రారనుకోండి. ప్రార్థన ముందు చూసినా ఫరవాలేదు, రోజూ ఒకే టైముకి చూస్తే చాలు.

దీని లోపం, తొందరగా అయిపోతుంది. కొళాయి బాగయ్యాక పిల్లలకు ఆసక్తి పోతుంది. ఇంటి కొళాయి, గుడి దగ్గర పంపు అని కొత్తవి వెతికిపెట్టాలి. ఎరువు గుంత అలా కాదు, అది రోజూ పిలుస్తుంది, పిలవకపోతే వాసనతో పిలుస్తుంది.

కాబట్టి నన్నడిగితే, ఆవరణ ఉండి, మధ్యాహ్న భోజనం అక్కడే వండే బడికి ఎరువు గుంతే. ప్రతి పిల్ల చెయ్యీ పడుతుంది, ఫలితం దసరా లోపే దొరుకుతుంది. నగరంలో మూడంతస్తుల బడికి నీళ్ళ లెక్క. అక్కడ ట్యాంకరు ఎన్నిసార్లు వచ్చిందో రాసుకున్నా సగం పాఠం అయిపోతుంది. కొత్తగా చేరిన టీచరైతే ఎక్కడున్నా నీళ్ళతోనే మొదలుపెట్టండి. అది చెడితే ఎవరికీ కంపు కొట్టదు. మొక్కలు నేను మూడో స్థానంలో పెడతాను, అదీ నలభై కాదు.

పోయిన ఏడాది ఏడే నాటాం. రెండు జామ, రెండు మునగ, ఒక కరివేపాకు, ఒక ఉసిరి, ఒక కానుగ. అన్నీ చేతులు కడిగిన నీళ్ళు పారే కాలవ పక్కన. మొక్కలు నాటిన గుంతల్లో మా సొంత ఎరువు వేశాం. సెలవుల్లో నీళ్ళు పోయడానికి బడి గోడ పక్క ఇళ్ళ పిల్లలు ఏడుగురు పేర్లిచ్చారు, గేటు తాళం వంట చేసే అక్క దగ్గర ఉంచాం. జూన్ 12న తెరిచి చూస్తే ఆరు ఉన్నాయి. కరివేపాకుని మేక తిన్నదని పిల్లలు, వంట అక్కే కోసిందని ఆయా. ఇంకా తేలలేదు.