తొమ్మిదేళ్లుగా గూగుల్ ఫొటోస్ వాడుతున్నా, నా అనుభవం ఇది

2016లో కొత్త ఫోన్ కొన్నప్పుడు బ్యాకప్ ఆన్ చెయ్యమని అడిగితే ఏదో ఒకటిలే అని ఆన్ చేసి వదిలేశాను. అప్పట్లో 16 మెగాపిక్సెళ్ల దాకా ఎన్ని ఫొటోలు పెట్టుకున్నా ఫ్రీ. 2021 జూన్ 1 నుంచి అది పోయింది, జీమెయిల్, డ్రైవ్‌తో కలిపి 15 జీబీలోనే సర్దుకోవాలి. మా ఇంట్లో పిల్లాడి వీడియోలకే అది నిండిపోయింది, అప్పటినుంచి 100 జీబీకి ఏడాదికి 1300 రూపాయలు కడుతున్నా. మొదట్లో కట్టబుద్ధి కాలేదు.

2022లో తాతయ్య పోయారు. పెద్దకర్మ నాటికి దండ వెయ్యడానికి 12×18 ఫొటో కట్టించాలి. ఇంట్లో అందరి దగ్గరా ఉన్నది ఒకటే, బాబాయి ఎప్పుడో ఫ్యామిలీ గ్రూపులో పెట్టిన ఫొటో. స్టూడియో అబ్బాయి దాన్ని పెద్దది చేసి చూపిస్తే తాతయ్య మీసం నల్ల గీతలా ఉంది, కండువా అంచు మెట్లుమెట్లుగా కనిపిస్తోంది. "ఇది వాట్సాప్‌ది కదన్నా, ఒరిజినల్ ఉంటే ఇవ్వండి" అన్నాడు. మామూలుగా పంపితే వాట్సాప్ ఫొటోని పొడుగువైపు 1600 పిక్సెళ్లకి కుదించేస్తుంది, దాన్ని 18 అంగుళాలకి సాగదీస్తే అంగుళానికి 90 చుక్కలు కూడా రావు. (డాక్యుమెంట్‌గా పంపితే కుదించదు, ఈ ఒక్క ముక్క మా బాబాయికి ఇప్పటికి పదిసార్లు చెప్పాను.)

గూగుల్ ఫొటోస్ ఒక్కో మనిషి ఫొటోలన్నీ ముఖాన్ని బట్టి ఒకచోట చేరుస్తుంది. అక్కడే నిలబడి నా ఫోన్లో ఆ యాప్ తెరిచి తాతయ్య ముఖం మీద నొక్కితే 2016 నుంచి ఉన్నవన్నీ వరసగా వచ్చాయి. అరుగు మీద కూర్చుని అడకత్తెరతో వక్కలు కత్తిరిస్తూ నా వైపు చూసిన ఫొటో, 2018 సంక్రాంతికి నేనే తీసి మర్చిపోయాను. ఆ ఫోన్ నీళ్ల తొట్టిలో పడి చచ్చిపోయి కూడా చాలా కాలమైంది. ఫొటో మాత్రం 4000×3000, ఏమీ చెక్కుచెదరలేదు. ప్రింటు ఎంత బాగా వచ్చిందంటే అమ్మమ్మ దాన్ని చాలాసేపు అద్దం మీద నుంచి తడుముతూనే ఉంది.

షేరింగ్ బాగుంటుంది. అక్క డాలస్‌లో ఉంటుంది, పెళ్లిళ్లకి ఒక ఆల్బమ్ పెట్టి లింకు పంపితే అటునుంచి తను కూడా కలుపుతుంది. కాకపోతే ఆ లింకు ఎవరి చేతిలో పడితే వాళ్లు చూడగలరు, పిల్లల ఫొటోలైతే లింకు ఆపేసి నేరుగా పేర్లు కలపండి.

ఇక మా ఇంట్లో జరిగిన ఘనకార్యం. ఫోన్ నిండిందని అమ్మ ఈ యాప్‌లోనే కూర్చుని ఓపిగ్గా 400 ఫొటోలు డిలీట్ చేసింది, ఫోన్లోంచి పోతాయి, గూగుల్‌లో బ్యాకప్ ఎలాగూ ఉంటుంది కదా అనుకుంది. రెండు చోట్లా పోయాయి. బ్యాకప్ అయినవి ట్రాష్‌లో 60 రోజులు ఉంటాయి కాబట్టి నెల తర్వాత విషయం తెలిసినా బతికిపోయాం. ఫోన్ ఒక్కటే ఖాళీ చెయ్యాలంటే నొక్కాల్సింది 'ఫ్రీ అప్ స్పేస్'.

ప్రింట్ల విషయంలో ఒకటే జాగ్రత్త. ఫోన్ ఫొటో పొడుగు వెడల్పుల నిష్పత్తి 4:3, మనం వేయించే 4×6 కాగితానిది 3:2, అంటే అడ్డంగా తీసిన ఫొటోలో ఎత్తు తొమ్మిదో వంతు తెగిపోతుంది. గృహప్రవేశం గ్రూప్ ఫొటో చూడకుండా ల్యాబ్‌కి ఇచ్చేశాను, వెనక వరసలో పెదనాన్నకి నుదురు లేదు. ఇప్పుడు ముందే 3:2కి కట్ చేసి ఇస్తున్నా.

అయినా అన్నీ ఒక్కచోటే ఉంచడానికి నాకు ధైర్యం లేదు. ఆరు నెలలకోసారి గూగుల్ టేకౌట్‌లో (గూగుల్‌లో ఉన్న మన డేటా దించుకునే సదుపాయం) మొత్తం దించి హార్డ్ డిస్కులో వేస్తాను, రాత్రంతా పడుతుంది. మొన్న అలా దించినప్పుడే తెలిసింది, వాట్సాప్ ఫోల్డర్ బ్యాకప్ కూడా ఆన్‌లోనే ఉందని. మూడేళ్లుగా గుడ్ మార్నింగ్ గులాబీలకి కూడా అద్దె కడుతున్నానన్నమాట.