దురాక్రమణను ఆపడానికి ఏది మేలు: ఆంక్షలా, ఆయుధాలా, సైన్యమా?

1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. అదే జపాన్ అంతకు పదేళ్లకు పైగా ముందు, 1931 సెప్టెంబరులో, మంచూరియాను ఆక్రమించడం మొదలుపెట్టినప్పుడు నానాజాతి సమితి (ఐక్యరాజ్యసమితికి ముందున్న ప్రపంచ దేశాల సంస్థ) ఒక విచారణ సంఘాన్ని వేసింది. నివేదిక వచ్చేసరికి ఏడాది దాటింది. సమితి తప్పుపట్టగానే జపాన్ సమితినే వదిలి వెళ్లిపోయింది. అక్కడ ఆపి ఉంటే ఇక్కడ బాంబులు పడేవి కావని కచ్చితంగా చెప్పలేం గానీ, దూరపు యుద్ధం మనదాకా రాదనుకోవడం మాత్రం ఈ ఊరివాళ్లకు తగదు.

ఆక్రమణ జరిగినప్పుడు ప్రపంచ దేశాలు ముందుగా ఎంచుకునేది ఆంక్షలను. ప్రాణనష్టం లేని మార్గమని వాటికి పేరు. కానీ 1935 అక్టోబరులో ఇటలీ అబిసీనియా (ఇప్పటి ఇథియోపియా) మీద పడ్డప్పుడు సమితి విధించిన ఆంక్షల్లో చమురు లేదు, ఇటలీ ఓడలకు సూయజ్ కాలువనూ మూయలేదు. చమురు అందకపోతే ట్యాంకులూ విమానాలూ కదలవని తెలిసి కూడా ఆ ఒక్కటీ వదిలేశారు. 1936 మేలో అబిసీనియా రాజధాని అడిస్ అబాబా పడిపోయింది, జులైలో ఆంక్షలు ఎత్తేశారు. 2022లో ఉక్రెయిన్ మీద దాడి చేసిన రష్యా మీద ఆంక్షలు వేగంగానే మొదలైనా, దాని చమురు ధర బ్యారెల్‌కు 60 డాలర్లు మించకూడదన్న పరిమితి డిసెంబరుకు గానీ రాలేదు. ఈలోగా రాయితీ మీద దొరికిన ఆ చమురును మన దేశమూ పెద్ద ఎత్తున కొన్నది. భారం మాత్రం అందరి మీదా పడింది. మన దేశానికి సన్‌ఫ్లవర్ నూనె అప్పట్లో ఎక్కువగా ఉక్రెయిన్ నుంచే వచ్చేది. యుద్ధం మొదలైన మరుసటి నెల మా వీధి కిరాణా కొట్టులో ఒకావిడ రెండు ప్యాకెట్లు చేతిలోకి తీసుకుని, ధర విని, ఒకటి తిరిగి అరలో పెట్టేయడం నేను చూశాను.

నేరుగా సైన్యాన్ని దింపడం అన్నిటికన్నా త్వరగా ఫలితమిస్తుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ కువైట్‌ను ఆక్రమించిన రోజే ఐక్యరాజ్యసమితి భద్రతా మండలి ఖండించింది. 1991 జనవరి 17న మొదలైన దాడి ఫిబ్రవరి నెలాఖరుకు ముగిసి కువైట్ విముక్తమైంది. అయితే ఇరాక్‌కు అణుబాంబు లేదు, దాని తరఫున వీటో (మండలి తీర్మానాన్ని ఒక్క ఓటుతో ఆపేసే హక్కు) వేసినవాళ్లూ లేరు. ఉక్రెయిన్ విషయంలో ఆక్రమించిన దేశమే 2022 ఫిబ్రవరి 25న వీటో వేసింది. మార్చి 2న ఐక్యరాజ్యసమితి సర్వసభలో 141 దేశాలు రష్యా వెనక్కి వెళ్లాలని ఓటేసినా, దాన్ని అమలుచేసే అధికారం సభకు లేదు. అణ్వస్త్ర దేశం మీదికి సైన్యాన్ని పంపమని నేనూ అనలేను.

మిగిలింది బాధిత దేశానికి ఆయుధాలు ఇవ్వడం. దీనివల్ల యుద్ధం సాగుతుందనే అభ్యంతరాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ 1991లో మాజీ యుగోస్లావియా అంతటికీ వర్తించేలా పెట్టిన ఆయుధ నిషేధం, తర్వాతి ఏడాది, దాన్నుంచి విడిపోయిన బోస్నియాలో, యుగోస్లావియా పాత సైన్యం ఆయుధాలు చేతికొచ్చిన సెర్బు బలగాలకన్నా ఆత్మరక్షణకు తగిన ఆయుధాలు లేని బోస్నియా ప్రభుత్వాన్నే ఎక్కువగా కట్టిపడేసింది. అందుకే నా దృష్టిలో ఈ మూడింటిలో ఆయుధాలే మేలు, మొదటి రోజు నుంచే చమురు ఆంక్షలు తోడుంటే మరీ మేలు. ఉక్రెయిన్‌లో జరిగింది అలా కాదు. పాశ్చాత్య ట్యాంకుల మీద నిర్ణయం 2023 జనవరిలో వచ్చింది, ఎఫ్-16 యుద్ధ విమానాలు 2024లో చేరాయి. ఆ ట్యాంకులు 2023 జూన్‌లో దక్షిణ ఉక్రెయిన్‌లోని జపోరిజ్జియా పొలాల్లోకి కదిలేనాటికి, దొరికిన వ్యవధిలో రష్యా సైనికులు అక్కడ కందకాలు తవ్వి, నేలంతా మందుపాతరలు నాటి ఉంచారు.