మితోమా జెర్సీ కొనేముందు మడత విప్పించి చూడండి

జపాన్‌లో ఉంటూ, పిల్లల కోసం సెకండ్ హ్యాండ్ యాప్‌లలో ఫుట్‌బాల్ జెర్సీలు వెతికే మనవాళ్లకి ఒక మాట. 9,000 యెన్లు పోగొట్టుకుని రాస్తున్నాను.

మేముండేది కవాసాకిలో. ఇక్కడ జపాన్ జట్టు ఫుట్‌బాల్ ఆటగాడు కవోరు మితోమా పేరెత్తితే మా ఆఫీసులో ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట కలుపుతారు. అదే జట్టులోని కుబో కూడా ఈ ఊరివాడే. తనాకా చిన్నప్పుడు మితోమా ఆడిన సగినుమా క్లబ్బులోనే ఆడాడు. ఎండో లివర్‌పూల్ దాకా వెళ్లాడు. అయినా మా వీధి పిల్లల వీపుల మీద ఎక్కువగా కనబడేది మితోమా పేరే. ఈ ఊరి క్లబ్బు ఫ్రొంటాలే సీనియర్ జట్టులోకి రమ్మంటే కాదని త్సుకుబా యూనివర్సిటీలో చేరి, డ్రిబ్లింగ్ మీదే థీసిస్ రాశాడు. మా ఆవిడకి ఫుట్‌బాల్ పట్టదు గానీ, ముందు చదువుకున్నాడని ఇతనంటే మహా ఇష్టం!

గిరాకీ ఎక్కడుంటే నకిలీ అక్కడే కదా. 2022 ఖతార్ వరల్డ్ కప్‌లో స్పెయిన్ మీద, గీత దాటబోయిన బంతిని వెనక్కి తన్ని తనాకా చేత గోల్ కొట్టించాడే, ఆ జెర్సీ కావాలన్నాడు మా వాడు. యాప్‌లో ‘వరల్డ్ కప్ మితోమా, ఒరిజినల్’ అని కనబడగానే కొనేశాను. ఫొటో ఒక్కటే, అదీ పేరు మాత్రం కనబడేలా మడిచి తీసింది.

ప్యాకెట్ ఇంటికొచ్చేసరికి నేను ఆఫీసులో ఉన్నాను. ‘త్వరగా రేటింగ్ ఇవ్వండి’ అని అమ్మినాయన రెండుసార్లు మెసేజ్ పెట్టాడు. పాపం అనుకుని నొక్కేశాను. మునిగింది అక్కడే. మనం రేటింగ్ ఇచ్చేదాకా డబ్బు యాప్ వాళ్ల దగ్గరే ఆగుతుంది. ఇచ్చామా, ఇక అమ్మినవాడిదే.

సాయంత్రం మా వాడు విప్పి, “నాన్నా, యోషిదా నంబర్ తెచ్చావేంటి?” అన్నాడు. పేరు మితోమా, నంబర్ 22. అది ఇంగ్లండ్ క్లబ్బు బ్రైటన్‌లో మితోమా నంబర్. ఖతార్‌లో జపాన్‌కి వేసుకున్నది 9. అక్కడ 22 కెప్టెన్ యోషిదాది. అప్పుడు గుండె మీది చిహ్నం చూశాం. జపాన్ జట్టు గుర్తు యతగరాసు, అంటే మూడు కాళ్ల కాకి. ఒక కాలి కింద ఎర్ర బంతి ఉంటుంది. నాకొచ్చిన కాకికి రెండే కాళ్లు. కుందేలుకి మూడే కాళ్లని వాదించినవాళ్లున్నారు గానీ, కాకికి మూడో కాలు లేదని ఏడ్చింది నేనే అయ్యుంటాను.

ఫిర్యాదు చేస్తే, రేటింగ్ అయిపోయింది కాబట్టి అమ్మినవాడితోనే తేల్చుకోమన్నారు. అతను జవాబివ్వడు.

వీపు మొత్తం, చిహ్నం దగ్గరగా, లోపలి లేబుల్, ఈ మూడు ఫొటోలూ అడగండి. నసిగితే వదిలేయండి. నంబర్ కూడా సరిచూసుకోండి: ఫ్రొంటాలేలో మితోమా నంబర్ 18, ఖతార్ తర్వాత జపాన్‌కి 7. రేటింగ్ మాత్రం జెర్సీ చేతిలో పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాకే.

నిన్న రాత్రి అదే అకౌంట్‌లో కుబో జెర్సీ కనబడింది. అలాగే మడిచి ఉంది.