ఓపెన్ కార్డ్ సార్టింగా, క్లోజ్డా?

వెబ్‌సైటులో ఏ పేజీ ఏ మెనూ కిందికి రావాలో మనమే ఊహించుకోకుండా, వాడేవాళ్ల చేతే పేర్పించి చూసే పద్ధతి కార్డ్ సార్టింగ్. ఒక్కో కార్డు మీద ఒక్కో అంశం రాసి వాళ్ల చేతికిస్తాం.

ఓపెన్‌లో గుంపులు వాళ్లే చేస్తారు, పేర్లూ వాళ్లే పెడతారు. మీసేవ లాంటి సేవల సైటు కడుతున్నామనుకోండి. ఆదాయ ధ్రువీకరణ పత్రం ఆఫీసు లెక్కలో రెవెన్యూ శాఖది. కానీ ఇంటర్ చదివే పిల్లాడి తల్లి ఆ కార్డును కాసేపు చేతిలో పట్టుకుని, స్కాలర్‌షిప్ కార్డు పక్కన పెట్టి, పైన 'పిల్లల చదువు' అని రాయొచ్చు. ఆమెకి అది శాఖ గొడవ కాదు, ఫీజు పని. ఈ ఒక్క చీటీ కోసమైనా ఓపెన్ చేసి తీరాలంటాను. చిక్కల్లా తర్వాతే. ఒకరు 'సర్టిఫికెట్లు' అంటారు, ఇంకొకరు 'కాగితాలు' అంటారు. అన్నీ కలిపి చూడ్డానికి చాలా ఓపిక కావాలి.

క్లోజ్డ్‌లో శీర్షికలు మనమే ముందుగా ఇస్తాం. లెక్క తేల్చడం తేలిక. ఉన్న మెనూలో కొత్త పేజీలు చేర్చడానికి ఇది చాలు. కాకపోతే శీర్షికే సరిగ్గా లేకపోయినా జనం మొహమాటానికి ఏదో ఒకదాని కింద పెట్టేస్తారు. అందుకే 'ఇందులో ఏదీ కాదు' అనే గడి తప్పకుండా ఉంచండి.

కొత్త సైటుకైతే నా ఓటు ఓపెన్‌కే. 15 మంది చాలని, సైట్లు జనానికి ఎంత తేలిగ్గా ఉన్నాయో పరిశోధించే నిపుణుడు జాకబ్ నీల్సన్ 2004లో చెప్పారు. పేర్చేటప్పుడు పక్కనే కూర్చుని, వాళ్లు పైకి అనుకునే మాటలు రాసుకోండి. ఏ కార్డు దగ్గర చెయ్యి ఆగిందో కూడా.