కీవినా: చీలబోయి ఆగిన ఖండం మీద మూడు రోజులు

క్విన్సీ రాగి గనిలో, వాలుగా తవ్వుకుపోయిన ఖాళీ ముందు బాపు ఆగిపోయాడు. పైకీ కిందికీ టార్చి వేసి చూసి, "గిది డిప్పు మీద తవ్వింది బిడ్డా. మా ఇంక్లైన్ లెక్కనే గానీ వాలు శాన ఎక్కువ" అన్నాడు. డిప్పు అంటే రాతి పొర వాలు, ఇంక్లైన్ అంటే ఏటవాలుగా దిగే గని. గోదావరిఖనిలో 30 ఏళ్లు బొగ్గు గనిలో దిగిన మనిషి. ఈ ట్రిప్ పెట్టుకున్నదే ఆయన కోసం.

షికాగో నుంచి ఉత్తరంగా ఒక రోజు డ్రైవ్. మిషిగన్ రాష్ట్రం కొసన, సుపీరియర్ సరస్సులోకి చొచ్చుకుపోయిన నేల కీవినా. సుమారు 110 కోట్ల ఏళ్ల క్రితం ఉత్తర అమెరికా ఇక్కడ రెండుగా చీలబోయింది. ఆ చీలిక రెండు వేల కిలోమీటర్లకు పైగా సాగింది. లావా పొరమీద పొరగా పోసింది, ఆ బరువుకు నడుమ భాగం గిన్నెలా కుంగింది. కానీ సముద్రం పుట్టకముందే చీలడం ఆగిపోయింది. ఆ తర్వాత తూర్పున మరో భూభాగం వచ్చి గుద్దుకుని గ్రెన్‌విల్ పర్వతాలు లేచాయి. ఆ ఒత్తిడి వందల కిలోమీటర్లు దాటి ఇక్కడి దాకా వచ్చింది. ఏ పగుళ్ల వెంట నేల కిందికి జారిందో, అవే పగుళ్ల వెంట మళ్లీ పైకి నెట్టుకొచ్చింది. గిన్నె అంచులు ఇంకా నిటారుగా లేచాయి. బాపు చూసిన వాలు అదే.

గని టూర్‌కు డబ్బు పెట్టడంలో అనుమానమే వద్దు. పళ్ల చక్రాల రైల్లో కొండ దిగి లోపలికి వెళ్తాం. లోపల చలి 6 డిగ్రీల దగ్గర ఉంటుంది, స్వెటర్ మర్చిపోవద్దు. షాఫ్ట్ వాలు వెంట 9,260 అడుగులు దిగిందని చెప్పినప్పుడు బాపు రెండుసార్లు అడిగించి రూఢి చేసుకున్నాడు. 1920 నాటి ఆవిరి హాయిస్ట్, అంటే గనిలోంచి సరుకును పైకి లాగే యంత్రం, దాని ముందు నుంచైతే కదల్లేదు. పక్కనే హోటన్‌లో సీమన్ ఖనిజాల మ్యూజియం ఉంది. అక్కడి 19 టన్నుల రాగి పలకను దగ్గర నుంచి చూశాం. ఇక్కడ రాగి లోహంగానే దొరికేది. లావాలోని గాలి బుడగల్లోకీ సందుల్లోకీ వేడి నీళ్లు తెచ్చి నింపిన రాగి.

రెండో రాత్రి కాపర్ హార్బర్‌లో ఒక మోటెల్. గదిలో హీటర్ సరిగ్గా పనిచేయలేదు. ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు, ఆఫీసులో మనిషి లేరు. బాపుకు దగ్గు, నాకు రాత్రంతా టెన్షన్. పెద్దవాళ్లతో వెళ్తే హోటన్‌లోనే ఉండి, పగలు వెళ్లి రావడం మేలు. తిండికి ఆ ఊళ్ల పేస్టీ, అంటే మన కర్రీ పఫ్ కంటే చాలా పెద్దది, దుంపలతో కూరినది. కారం ఉండదు, ఆవకాయ వెంట తీసుకెళ్లండి.

పొద్దున బ్రాక్‌వే కొండ రోడ్డెక్కాక రాత్రి విసుగంతా పోయింది. సరస్సుకు 700 అడుగులకు పైగా ఎత్తు. దక్షిణం వైపు కోసినట్టు నిటారు, ఉత్తరం వైపు పొరలన్నీ మెల్లగా నీళ్ల కిందికి వాలాయి. అవే సరస్సు అడుగున సాగి, అవతల ఐల్ రాయల్ దీవి దగ్గర ఎదురు వాలుతో పైకి తేలతాయి. ఆ రోజు ఆకాశం తేటగా ఉంది, దీవి సన్నని గీతలా కనిపించింది. గిన్నె రెండో అంచు! అక్కడికి పడవ ఉంది గానీ మాకు సమయం చాలలేదు.

తిరుగు దారిలో హంగేరియన్ జలపాతం. టికెట్ లేదు, రెయిలింగ్ కూడా లేదు, వాన పడితే జారుతుంది. నీళ్లు దూకేది ఎర్ర ఇసుకరాయి మీద నుంచి. దానికి ఎగువన, దగ్గర్లోనే కీవినా ఫాల్ట్, అంటే నేల జరిగిన ఆ పగుళ్లలో ఒకటి. పాత లావా వచ్చి తనకంటే చిన్న వయసు ఇసుకరాయి మీదికి ఎక్కింది అక్కడే. ఈ మాట చెబితే బాపు కాసేపు ఆలోచించాడు. గోదావరి లోయ కూడా చీలబోయి ఆగినదే, బొగ్గు ఆ కుంగిన నేలలోనే నిలిచింది. "మా దగ్గర ఫాల్ట్ తగిలితే బొగ్గు పొర కిందికి జారిపోయేది. ఈడ మీదికొచ్చిందా?" అన్నాడు.

మళ్లీ వెళ్తే ముందు జలపాతం, తర్వాత కొండ, చివర్న గని చూస్తాను. బాపు అయితే ముందు గనే అంటున్నాడు.