బిజినెస్ ప్లాన్ నేర్పిస్తామని డబ్బు అడుగుతున్నారా? కట్టే ముందు ఇది చదవండి

చిన్న యూనిట్ ఏదైనా పెట్టుకుందామని, బ్యాంకు లోన్‌కు ప్రాజెక్ట్ రిపోర్ట్ ఎలా రాయాలో నేర్చుకుందామని చూస్తున్నవాళ్ల కోసం ఇది రాస్తున్నాను. ముఖ్యంగా ఆడవాళ్ల కోసం. నేను చేరిన బ్యాచ్‌లో సగానికి పైగా మనవాళ్లే ఉన్నారు, వాళ్లలో పొదుపు సంఘం నుంచి అప్పు తీసుకుని ఫీజు కట్టినవాళ్లూ ఉన్నారు. నాకు మొత్తం 38,098 రూపాయలు పోయాయి. ఇంకొకరికి పోకూడదు.

మాది కదిరి దగ్గర పల్లె, శనక్కాయ పండే నేల. గానుగ నూనె యూనిట్ పెట్టాలని నాకూ మా ఆయనకూ రెండేళ్లుగా ఆలోచన. కాయ చుట్టుపక్కలే దొరుకుతుంది, ఒలిచే మిషన్ మా మరిది దగ్గరుంది. మాకు తెలియనిదల్లా కాగితం పని. అందుకే ఫోన్‌లో ‘99 రూపాయలకే బిజినెస్ ప్లాన్, నిపుణులతో నేరుగా’ అని యాడ్ కనపడగానే కట్టేశాను.

ఆ 99 రూపాయల క్లాసులో గంటన్నర సేపు ఎవరెవరు కోట్లు సంపాదించారో చెప్పారు. చివరి పావుగంట 7,499 రూపాయల మూడు రోజుల క్లాసు గురించి. అందులోనూ చేరాను. కంపెనీ ‘విజన్’ ఎలా రాయాలి, లోగో ఎలా ఉండాలి అని రెండు రోజులు గడిపేశారు. మూడో రోజు లెక్కల దగ్గరికి వచ్చేసరికి, ‘అది మా సీఏ టీమ్ చూసుకుంటుంది, మీరు టెన్షన్ పడొద్దు మేడమ్’ అన్నారు. అంటే నేర్చుకోవాల్సిన అసలు విషయం దగ్గరే క్లాసు ఆగిపోయింది. దానికి వేరే ప్యాకేజీ, 28,000. నిపుణుడి సలహా, పూర్తి రిపోర్ట్, లోన్ వచ్చేదాకా ఫాలో అప్ అన్నీ అందులోనే అన్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు (అంటే చిన్న యూనిట్‌ను ప్రభుత్వం దగ్గర నమోదు చేసుకోవడానికి) ఇంకో 2,500 తీసుకున్నారు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ప్రభుత్వ పోర్టల్‌లో పూర్తిగా ఉచితమని, ఆధార్ నంబరుతో ఎవరికివారు చేసుకోవచ్చని నాకు తర్వాత తెలిసింది.

నిపుణుడితో నేను మాట్లాడింది రెండుసార్లు, రెండూ కలిపితే 40 నిమిషాలు. కాయ ఎంతకు కొంటారు, ఎవరికి అమ్ముతారు, నూనె తీశాక మిగిలే చెక్క ఏం చేస్తారు అని ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. యూనిట్ పేరు, నా ఫోటో, మిషన్ కొటేషన్ అడిగారు, అంతే. వారానికల్లా 46 పేజీల రిపోర్ట్ వచ్చింది. రంగు రంగుల గ్రాఫులతో ఎంత బాగుందో. స్పైరల్ బైండింగ్ చేయించి బ్యాంకుకు పట్టుకెళ్లాను.

మేనేజర్ గారు మొదటి పది పేజీలు గబగబా తిప్పి, 17వ పేజీ దగ్గర ఆగారు. ఒక లైను కింద పెన్ను పెట్టి నా వైపు తిప్పి చూపించారు. ‘అమ్మా, మీది శనక్కాయ నూనె కదా. ఇక్కడ జీడిగింజలు ఉడకబెడుతున్నారేంటి?’ అన్నారు. నిజంగానే అలా రాసి ఉంది. ఇంకో పేజీలో ముడిసరుకు పలాస మార్కెట్ నుంచి వస్తుందని ఉంది. పలాస ఎక్కడ, కదిరి ఎక్కడ! శ్రీకాకుళం జిల్లాలో ఎవరికో రాసిన జీడిపప్పు రిపోర్ట్‌లో పేర్లు మార్చి నాకిచ్చారన్నమాట. వెనక నలుగురు లైన్లో నిలబడి ఉన్నారు. నా ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అదొక్కటే అయితే అచ్చు తప్పని సర్దుకునేదాన్ని. లెక్కలు అంతకన్నా ఘోరం. 100 కిలోల ఒలిచిన గింజలకు 60 కిలోల నూనె వస్తుందని రాశారు. శనక్కాయ గింజ బరువులో నూనె ఉండేదే దాదాపు సగం. గానుగలో అదీ పూర్తిగా దిగదు, కిలో నూనె రావాలంటే రెండున్నర కిలోల గింజలు పడతాయి. అంటే వందకు 40 కిలోలు. మా ఊళ్లో గానుగ ఆడించిన ఏ తాతను అడిగినా చెప్పే మాట ఇది. ఆ 60 మీదే అమ్మకాలు, ఆ అమ్మకాల మీదే లాభం, ఆ లాభం మీదే లోన్ కిస్తీ లెక్క కట్టారు. ఆ రిపోర్ట్ నమ్మి ఏ బ్యాంకైనా లోన్ ఇచ్చి ఉంటే మేం మొదటి ఏడాదే మునిగిపోయేవాళ్లం. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ నాకు గుండె దడ.

మేనేజర్ గారు ఇంకో మాట కూడా అడిగారు. మా వైపు వానాకాలం పంట అక్టోబరు, నవంబరుల్లో చేతికొస్తుంది. కాయ అప్పుడు కొని నిల్వ పెట్టుకోవాలి, లేదా తర్వాత ఎక్కువ ధర పెట్టి కొనాలి. ‘ఆ డబ్బు ఎక్కడినుంచి తెస్తారమ్మా?’ రిపోర్ట్‌లో పన్నెండు నెలలకూ ఒకటే ధర. వర్కింగ్ క్యాపిటల్, అంటే సరుకు కొనడానికీ రోజువారీ ఖర్చులకూ తిప్పే డబ్బు, అన్నచోట ఒక అంకె వేశారు, అది ఎలా వచ్చిందో ఎక్కడా లేదు. మొదటి నెల నుంచే మిషన్ నూటికి నూరు శాతం నడుస్తుందని వేశారు. ఆయన ఫైలు మూసి, ‘ఇది మీరు రాసుకుని రండి, నేను చూస్తాను’ అన్నారు. కోప్పడలేదు, అందుకు ఆయనకు దణ్ణం పెట్టాలి.

సబ్సిడీ గురించి చెప్పింది కూడా సగం అబద్ధమే. సొంత యూనిట్ పెట్టుకునేవాళ్లకు బ్యాంకు లోన్ మీద సబ్సిడీ ఇచ్చే కేంద్ర పథకం పీఎంఈజీపీ కింద పల్లెల్లో ఆడవాళ్లకు 35 శాతం సబ్సిడీ, మన వాటా 5 శాతం అన్నమాట నిజం. మా 9.5 లక్షల ప్రాజెక్టుకు సబ్సిడీ 3,32,500 అవుతుంది. కానీ క్లాసులో చెప్పినట్టు అది చేతికి రాదు. బ్యాంకులోనే డిపాజిట్‌గా మూడేళ్లు ఉండి, యూనిట్ నడుస్తోందని తేలాక లోన్‌లో సర్దుతారు. ‘సబ్సిడీ రాగానే మా ఫీజు వెనక్కి వచ్చేసినట్టే కదా మేడమ్’ అని వాళ్లు అంటే నమ్మి కట్టినవాళ్లు మా బ్యాచ్‌లో చాలామంది.

మీరు దయచేసి ముందు వెళ్లాల్సిన చోట్లు వేరే ఉన్నాయి. జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడగండి. తినే వస్తువుల యూనిట్ అయితే పీఎంఎఫ్‌ఎంఈ పథకం కింద జిల్లా రిసోర్స్ పర్సన్ అని ఉంటారు, రిపోర్ట్ రాయడంలో సాయం చేయడమే వాళ్ల పని, ఫీజు ప్రభుత్వమే ఇస్తుంది. బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థల్లో, అంటే ఆర్‌సెటిల్లో శిక్షణ ఉచితం, భోజనం వసతి కూడా. కేవీఐసీ (ఖాదీ గ్రామోద్యోగ కమిషన్) వాళ్ల వెబ్‌సైట్‌లో నమూనా ప్రాజెక్ట్ రిపోర్టులు ఊరికే దొరుకుతాయి, చూసి పద్ధతి తెలుసుకోవచ్చు. పీఎంఈజీపీ దరఖాస్తుకు రుసుము లేదు, మధ్యవర్తులు లేరు.

నేను ఆర్‌సెటికి వెళ్లాను. అక్కడి సార్ ఒక తెల్లకాగితం నా ముందు పెట్టి పెన్ను నా చేతికే ఇచ్చారు. 100 కిలోల కాయ కొంటే ఒలిచాక గింజలెన్ని? 70 కిలోలు అని రాశాను. నూనె ఎంత? 28. మిగిలిన చెక్క? తరుగు పోను 40 దాకా. చెక్క ఎవరు కొంటారు? మా ఊరి పాడి రైతులే. మరి వాళ్లు నెల తిరక్క ముందు డబ్బులిస్తారా? అక్కడ ఆగిపోయాను. ఇంటికొచ్చి నలుగురు రైతులను అడిగి, మర్నాడు ఆ లైను పూర్తి చేశాను. నిపుణుల సలహా అంటే అదీ. నా 28,000 రూపాయలకు రావాల్సింది అది.

డబ్బు వెనక్కి అడిగితే, ‘రిపోర్ట్ డెలివరీ అయిపోయింది, రిఫండ్ లేదు, కావాలంటే వచ్చే బ్యాచ్‌లో ఫ్రీగా కూర్చోండి’ అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. మనం కట్టిన సొమ్ము 5 లక్షల లోపు అయితే అక్కడ ఫీజు లేదు, లాయరు లేకుండా మనమే వేసుకోవచ్చు.

ఎవరైనా ఇలాంటి ప్యాకేజీ అమ్మజూపితే, మీ సరుకు గురించి ఒక్క లెక్క అక్కడికక్కడే వేసి చూపించమనండి. వెయ్యలేకపోతే ఫోన్ పెట్టేయండి. ‘ఈ రోజే చివరి రోజు’ అన్నా కంగారు పడొద్దు. నాకు చెప్పిన ఆ చివరి రోజు తర్వాత అదే ధరకు మా చెల్లెలికి నాలుగుసార్లు మెసేజ్ వచ్చింది.

ఇప్పటికే కట్టేసినవాళ్లు రశీదులు, చాట్‌లు, వాళ్లిచ్చిన రిపోర్ట్ ఏదీ డిలీట్ చేయకండి. కమిషన్‌లో ఫిర్యాదుకు రెండేళ్లే గడువు. మీ రిపోర్ట్‌లో కూడా జీడిగింజలు, పలాస కనపడితే ఆ పేజీ ఫోటో తీసి నాకు పంపండి, నా ఫిర్యాదుకు జత చేస్తాను.